ఉంటాను మరి

మర్నాడు తెల్లవారేసరికి విమానాశ్రయంలో ఉండాలి. అందుకని ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే, పెట్టెలు సర్దటం. అమ్మ మడతపెట్టిన బట్టల్ని చిట్టి నేలమీద కూర్చుని తన పద్ధతిలో మళ్ళీ మడతపెడుతోంది. అమ్మ పుట్టిన దేశానికి ఆమె రావటం ఇదే మొదలు. చెల్లాచెదురైన కుటుంబమంతా ఒక్కసారి కలవాలని మామయ్య పట్టుబట్టి తన ఇంటికి పిలిస్తే వచ్చారు. ఇల్లంతా చుట్టాలు. ఎవరు తనకి ఏమవుతారో చిట్టికి తేలేలోపే సగంమంది వెళ్ళిపోయారు కూడా.

పక్కగదిలో అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది.

"నాకు మాత్రం లేదటే బాధ? అదిగో, మళ్ళీ మొదలు. సరే, సరే. ఉంటాను. ఉంటానే తల్లీ, ఉంటాను."

చిట్టి చేతిలోని జాకెట్టు చేతిలోనే ఆగిపోయింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికి వస్తే, గొంతు మామూలుగా ఉంచుకుని ఎవరని అడిగింది.

"ఇంకెవరు, మీ పిన్ని. ఏడుపు ఆపితేనా? వినలేక ఉంటానని చెప్పేశాను."

అలా అనేసి, కళ్ళజోడు కాడ ఊడిందనీ, బాగుచేయించుకొస్తాననీ చెప్పుల్లో కాళ్ళు దూర్చి వీధిలోకి వెళ్ళిపోయింది.

చిట్టికి భాష బాగానే వచ్చు. కాని అది ఒకే ఇంట్లో, వంటగదికీ హాలుకీ మధ్య నేర్చుకున్న భాష. అమ్మ తనవాళ్ళకి ఫోను చేసే వేళకి చిట్టి ఎప్పుడూ ఆఫీసులో ఉండేది. ఫోన్లో మనుషులు ఏమంటారో ఆమెకి తెలియదు.

నాన్న పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. అమ్మ ఇక్కడే ఉండిపోతే ఇక సాయంత్రం తనే తాళం తీసుకుని, తనే దీపం వేసుకుని లోపలికి వెళ్ళాలి. కానీ ఇక్కడికొచ్చాక అమ్మ నవ్వుతున్న నవ్వు అక్కడ ఎన్నడైనా విందా? వెళ్దాం పదమ్మా అని ఒక్క మాటంటే అమ్మ మనసు మార్చుకుని తన వెంట వచ్చేస్తుంది. అనకూడదు. త్యాగం చెయ్యాలని నిశ్చయించుకుని చిట్టి మేడమెట్లు ఎక్కింది.

మేడమీద ఉన్న ఒక్క గదీ అత్తయ్య కుట్టుపని గది. నాలుగు గోడల పొడుగునా స్కూలు యూనిఫాములు గుట్టలుగా పడున్నాయి.

"అత్తయ్యా, అమ్మ ఇక్కడే ఉండిపోతే మీకు ఇబ్బందా?"

మిషను తొక్కుతున్న పాదం ఆగింది. ఇలాంటి ప్రశ్నకి ఏ ఇంటి ఇల్లాలైనా అవునని ఎలా అంటుంది? ఇబ్బందేముంది, వాళ్ళన్నయ్య ఇల్లు కదా అంది అత్తయ్య, తన గదిని ఆఖరిసారి చూస్తున్నట్టు నలువైపులా చూసుకుంటూ.

మామయ్య సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. సంగతి విని లోపలికెళ్ళి టేపు తెచ్చాడు. గది కొలిచాడు, మంచం కొలిచాడు, కిటికీ నుంచి ఎండ ఎంతవరకూ పడుతుందో సుద్దముక్కతో గీత గీశాడు. రెండు కుట్టుమిషన్లూ కిందికి దించాల్సిందేనని తేల్చాడు. మొదటిది బుద్ధిగా దిగింది. రెండోదాన్ని మాత్రం కొలవడం మరిచాడు. అది మెట్ల మలుపులో ఇరుక్కుని అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. దాని వెనకాలే జేబులు కుట్టని చొక్కాలు మెట్లమీదుగా జారుకుంటూ హాల్లోకి వచ్చాయి. అత్తయ్య పైన ఉండిపోయింది. మామయ్య మిషను పడకుండా రెండు చేతులతో పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. అప్పటికే చిట్టి అమ్మ బట్టలన్నీ మేడమీది బీరువాలో సర్దేసి, పెట్టె ఖాళీ చేసి, కిందికి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడు అమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ గుమ్మంలో అడుగుపెట్టింది.

"నీ మంచం కిటికీ పక్కనే వేయించానమ్మా" అన్నాడు మామయ్య మెట్లమీది నుంచి.

"నాకు మంచమేమిటన్నయ్యా?"

"చిట్టి అంతా చెప్పిందిలే. నీ బట్టలు కూడా సర్దేసింది."

అమ్మ కూతురి వైపు తిరిగింది. నిలబెట్టిన ఖాళీ పెట్టెనీ చూసింది. కోపం వస్తే బాగుండేది, రాలేదు.

"నన్నిక్కడ దింపి వెళ్దామనే తీసుకొచ్చావా?" అంది మెల్లిగా.

చిట్టి జవాబిచ్చేలోగా కబురు రెండు వీధులు దాటినట్టుంది, పిన్ని ఊపిరాడకుండా వచ్చిపడింది.

"వెళ్ళిపోతున్నానని నన్ను పొద్దున్నుంచీ ఏడిపించి, అన్నయ్య ఇంట్లో మంచం వేయించుకుంటావా అక్కా? మా ఇంటికేం తెగులు?"

మామయ్య ఇవేవీ వినిపించుకోలేదు. టికెట్టు సంగతి తేల్చేస్తానని మిషన్ని భుజంతో ఆపి, ఏజెంటుకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. రేపటి ప్రయాణాల్లో చెల్లెలిది తీసేయమన్నాడు.

ఒకసారి తీసేస్తే ఈ నెలలో మళ్ళీ సీటు దొరకదనీ, నిజంగానే తీసేయమంటారా అనీ అడిగాడు ఏజెంటు.

వద్దని అమ్మ అంటుందేమోనని చిట్టి చూసింది. వద్దని చిట్టి అంటుందేమోనని అమ్మ చూసింది. ఇద్దరి కళ్ళూ నిండాయి. ఇద్దరూ నోరు మెదపలేదు.

"ఇంట్లో అనుకుని చెప్పండి సార్. ఉంటాను మరి" అని ఏజెంటు పెట్టేశాడు.

చిట్టి ఉలిక్కిపడింది.

"ఈయన కూడానా? ఈయనెక్కడ ఉంటాడు?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆఖరికి పిన్నే అంది.

"ఎక్కడుంటే నీకెందుకే? ఫోను పెట్టేస్తున్నానని చెప్పాడు."

"ఉంటానంటే అదా?"

"వెళ్ళొస్తానని" అంది అత్తయ్య పైనుంచి. పొద్దున్నుంచీ ఆమె గొంతులో ప్రాణం వినిపించటం అదే మొదలు.

"మరి వెళ్ళొస్తానంటే?"

"వెళ్తున్నానని."

చిట్టి చొక్కాల గుట్టమీద కూలబడింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుని నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఉండిపోవాలనుకుంటే నీతో అనకుండా మీ పిన్నితో అంటానటే, పిచ్చిమొహమా?" అని, మొట్టినచోటే నిమిరింది.

అందరూ నవ్వారు, మామయ్య తప్ప. ఆయన మిషన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ రాత్రి మిషను పక్క సందులోంచి ఒక్కొక్కరే దూరి అమ్మ బట్టలన్నీ మళ్ళీ కిందికి తెచ్చుకున్నారు. తెల్లవారుజామున కారెక్కే ముందు అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని "వస్తాను అన్నయ్యా" అంది. ఆయన తలూపాడు.

ఊరు చేరిన వారానికి అత్తయ్య ఫోను చేసింది. ఎత్తింది చిట్టి. మేడమీది గదికి మామయ్య తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడట. వస్తానంటే వెళ్తున్నాననే కదండీ అర్థమంటే, "వస్తానంది, నా చెవులతో విన్నాను" అంటున్నాడట. ఇరుక్కున్న మిషను కదిలేది కాదని అత్తయ్య ఓ స్టూలు వేసుకుని అక్కడే కుట్టుకుంటోందట. ఇదంతా చెప్పి, చొక్కాలు చాలా ఉన్నాయి, ఉంటాను మరి అంది.

ఎక్కడని చిట్టి అడగలేదు. మెట్ల మలుపులోనేనని తెలుసు.