దరఖాస్తు నంబరు ఒకటి, కళ పేరు శోకం

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ కళాకారుడూ ఖాళీ కడుపుతో పడుకోడు" అని సాంస్కృతిక శాఖామాత్యులు ప్రకటించారు. ప్రతి పేద కళాకారుడికీ నెలకు యాభై రూపాయల భృతి, బతికున్నంత కాలం. హాలంతా చప్పట్లు. కళాకారులు మాత్రం కొట్టలేదు, పాసులు లేవని వాళ్లను గేటు బయటే ఆపారు. లోపలికొస్తే కుర్చీలు చాలేవి కావు మరి. మంత్రిగారి ముందుచూపే వేరు.

పేపర్లో ఆ వార్త చదివి, మొట్టమొదటి దరఖాస్తు రాసింది నేనే. కిషన్‌బాగ్‌లో మా పక్కింట్లో ఉండే ఆగమ్మ తరఫున. ఆగమ్మ కళ శోకం. బస్తీలో ఎవరు పోయినా ఆమెను పిలుస్తారు. పోయినవాళ్లు చేసిన మంచి ఒక్కొక్కటే ఎత్తి ఆమె రాగం తీసిందంటే, జన్మంతా తిట్టుకున్న దాయాదులు కూడా కళ్లు తుడుచుకోవలసిందే. దానికి దక్కేది ఓ చీర, నాలుగు సేర్ల బియ్యం. అందుకే రోజూ బేగంబజార్‌కు పోయి మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఆ ఘాటుకు గొంతు పాడైపోతోంది.

"ఇంకో ఎండకాలం మిర్చి కాడ కూసుంటే నా గొంతు పోతది బిడ్డా. గా యాభై వస్తే మానేస్త" అంది.

ఫారంలో 'గురువు' అన్నచోట 'మా అత్త' అని రాశాను. 'చివరి ప్రదర్శన' దగ్గర 'మొన్న బుధవారం, బుచ్చయ్య వాకిట్లో'. 'ప్రేక్షకుల స్పందన' దగ్గర 'అందరూ ఏడ్చారు'.

కళను కమిటీ ప్రత్యక్షంగా చూసి నిర్ధారించాలని రూలు. మొదటి దరఖాస్తు కదా, మంత్రిగారే స్వయంగా మా బస్తీకి దయచేశారు. వెంట డిప్యూటీ డైరెక్టర్ విఠల్‌రావు, మంత్రిగారి పి.ఎ. మురళీధర్, ఒక ఫొటోగ్రాఫరు.

"కానియ్యమ్మా" అన్నాడు విఠల్‌రావు గడియారం చూసుకుంటూ.

"ఎవ్వలు సచ్చిన్రు సారు?" అంది ఆగమ్మ.

"ఎవరూ చావలే. ఇది డెమాన్‌స్ట్రేషన్."

"పేరు లేంది నోరు లేవదు సారు. మీ పేరు మీద తియ్యమంటరా?"

"తోబా తోబా! నాకింకా మూడేండ్ల సర్వీసున్నది!"

మురళీధర్ అప్పటికే ఫొటోగ్రాఫరు వెనక్కి చేరాడు. అప్పుడు మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "నా పేరు మీదే కానివ్వండి. ప్రజలు తననెలా తలుచుకుంటారో బతికుండగా వినే భాగ్యం ఎంతమంది నాయకులకు దక్కుతుంది?" అని కుర్చీలో వెనక్కి వాలి, పాత్రకు తగ్గట్టు కళ్లు మూసుకున్నారు.

"సారు చేసిన మంచి చెప్పుండ్రి" అంది ఆగమ్మ.

మురళీధర్ డైరీ తీశాడు. "మీ బస్తీకే మూడు చేశారు. నీళ్ల ట్యాంకుకు శంకుస్థాపన. బడికి శంకుస్థాపన. కాన్పుల దవాఖానకు శంకుస్థాపన."

"కట్టినయేమన్న ఉన్నయా?"

"అది రెండో దశ."

ఆగమ్మ కొంగు సవరించుకుని గొంతెత్తింది.

"నీళ్లకు రాయి పెడితివి ఓ నా సారూ, నీళ్ల మొఖం సూడకనే పోతివి... బడికి రాయి పెడితివి ఓ నా సారూ, బడి గంట ఇనకనే పోతివి..."

నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని కూచున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గొంతు కలిపారు.

"దవాఖానకు రాయి పెడితివి ఓ నా సారూ, నొప్పులు పడుకుంట నా నీలమ్మ గా రాయి కాడ్నే పానం ఇడిసె..."

అక్కడ రాగం తెగిపోయింది. నీలమ్మ ఆగమ్మ కూతురు. ఆగమ్మ నేల మీద కూలబడి, రాగమూ తాళమూ లేని ఉత్త ఏడుపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మురళీధర్ మాత్రం కెమెరా ముందుకొచ్చి, "మా సారూ!" అంటూ గుండెలు బాదుకున్నాడు. అతని కళ్లలో ఒక్క చుక్క నీరు లేదు.

మంత్రిగారు కళ్లు తెరిచి, కండువాతో ఒత్తుకున్నారు. "నేనంటే వీళ్లకు ఇంత ప్రేమా!" అని విఠల్‌రావు చెయ్యి పట్టుకున్నారు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను: "కళ అనగా లేని భావమును ఉన్నట్లు ప్రదర్శించుట. దరఖాస్తుదారు నిజముగానే ఏడ్చినట్లు కమిటీ ప్రత్యక్షముగా నిర్ధారించినది. కావున ఇది సొంత వ్యవహారమే గాని కళ కాదు. తిరస్కరించడమైనది."

"గట్లయితే పైసలు ఎవ్వలికిచ్చిన్రు?"

ఆ వేళ పేపర్లో ఫొటో పడింది. తొలి భృతి అందుకుంటున్న శ్రీ మురళీధర్, మెడలో దండ. 'కంట తడి లేకుండా శోకరసాన్ని పండించిన అరుదైన కళాకారుడు' అని కింద రాశారు. నిర్ణయంలో తప్పు పట్టడానికేమీ లేదు, అంతా రూలు ప్రకారమే.

"అప్పీలు రాద్దాం అవ్వా" అన్నాను. "ఈసారి నీలమ్మ పేరు ఎత్తకు. అప్పుడు కళ అవుతుంది, డబ్బులొస్తాయి."

ఆగమ్మ నా వంక చూసింది.

"నువ్వు సుత కమిటీల ఉన్నవా బిడ్డా?" అని, ముక్కుకు గుడ్డ కట్టుకుని బేగంబజార్‌కు బయలుదేరింది.