దొర చుట్టలూ, ముట్టని కాకులూ

చెంచురామయ్య పదోరోజు కర్మ పెందలాడే ముగించి, మధ్యాహ్నానికి బంధువులకు భోజనాలు పెట్టాలనుకున్నాడు కొడుకు పద్మనాభయ్య. దొడ్డి వెనక కాలువ గట్టున పిండం పెట్టాడు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయే గానీ ఒక్కటీ దిగలేదు.

"మామకేదో కోరిక మిగిలిపోయుండాది" అన్నాడు బావ జయరామయ్య.

తండ్రి ఆకలితో తిరుగుతున్నాడేమోనని పద్మనాభయ్య బెంగపడ్డాడు. కోరికేమిటో అతనికి తెలుసు. దొర చుట్టలు. ఉప్పు కొఠార్ల తెల్లదొర వెళ్ళిపోతూ దేవదారు పెట్టెతో సహా ఇచ్చినవి. చుట్టలు ఎండిపోకుండా పెట్టెలో తడి స్పాంజి ఉంటుంది. ముసలాయన వారానికోసారి దానికి చెంచాడు నీళ్ళు పోసేవాడు. ఆయన మంచాన పడ్డాక కొడుకు ప్రేమకొద్దీ రోజూ చెంబెడు పోశాడు.

పెట్టె తెరిస్తే అన్నీ బూజే.

"వడియాలకు పట్టదా ఏంది బూజు? తుడిచి ఎండబెట్టు అబ్బయా" అన్నాడు జయరామయ్య.

తుడిచి ఎండబెట్టారు. వైశాఖం ఎండకు చుట్టలు పెటపెట పగిలి రేకులు లేచాయి. ఊళ్ళో పొగాకుకు చేసినట్టే బెల్లం నీళ్ళు పూసి అతికించారు. ఇక పిండం దగ్గరికి తెచ్చి ముట్టిస్తే ముట్టుకోవే! జనం పిండం చుట్టూ మూగి తలో సలహా పారేశారు. అగ్గిపెట్టె ఖాళీ అయింది. పద్మనాభయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"నాయనా, నీ చుట్ట కూడా ముట్టించలేకపోయినానే!"

"ఏడవబాక. చుక్క కిరసనాయిలు పోస్తే అదే ముట్టుకుంటది" అన్నాడు జయరామయ్య.

ముట్టుకుంది. భగ్గుమని పద్మనాభయ్య మీసం అంటుకుంది. అతను కెవ్వుమని చుట్టను విసిరేశాడు. అది పోయి గడ్డివామి మీద పడింది. గొడ్లకు ఏడాది మేత అది. పిండం దగ్గరి జనమంతా బిందెలు పట్టుకుని అటు పరుగెత్తారు.

వామి బూడిదయ్యాక, కాలిన మీసంతో పద్మనాభయ్య తిరిగొచ్చాడు. గట్టున తల్లి ఆదిశేషమ్మ ఒక్కతే బోసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. విస్తరిలో మెతుకు లేదు.

"మీరట్ట పోంగానే దిగినాయిరా. కడుపునిండా తిన్నాయి" అంది.

పద్మనాభయ్య తల్లి కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నువ్వు చూస్తే సరిపోద్దా అత్తా? మగోళ్ళు చూడొద్దా?" అన్నాడు జయరామయ్య.

పెద్దలు తర్జనభర్జన పడి, మగవాడెవడూ చూడలేదు గనుక కాకి ముట్టినట్టు కాదని తేల్చారు. గడ్డివామి దహనానికి మాత్రం ఊరంతా సాక్షి.