నలుగురు చూసిన గట్టురాయి

కొండబాబు మీద నాకున్న కోపం ఈ జన్మకు తీరేది కాదు. మనిషి మంచివాడే. మా ఊరి రేకుల గుడిలో యేసు వాక్యం చెప్పేవాడు, జబ్బుపడ్డవాళ్ళను డోలీలో అరకు దాకా మోసేవాడు. కానీ మైదానంలో రెండేళ్ళు బైబిలు చదువు చదివొచ్చి, అక్కడ నేర్చుకున్నదంతా తన దగ్గరే ఉంచుకోకుండా నాకు చెప్పాడు. నేను మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నాకెందుకు చెప్పాలి?

కిరండోలు రైలు మా కొండల్లో తిరగడం మొదలై ఏడెనిమిదేళ్ళు అయిన రోజులవి. సొరంగంలోంచి కూత వినబడితే మడిలో ఉన్నవాళ్ళమంతా నడుం ఎత్తి చూసేవాళ్ళం. ఇప్పుడు ఎవడూ తలెత్తడు. శుక్రవారం అరకు సంతకు పిప్పళ్ళు, వలిసె గింజలు మోసుకెళ్ళి, ఉప్పూ ఎండుచేపలూ తెచ్చుకునేవాళ్ళం. ఆ శుక్రవారం నా ఏర్పాటు కూడా అంతే. పొద్దున సంత, మధ్యాహ్నం ఊళ్ళో పంచాయితీ, పొద్దు వాలేలోగా మా గంగరాజు బావ నోరు మూయించడం.

తగువు గెడ్డ వారనున్న, వాగునీళ్ళు పారే వరి మడి గురించి. మిగతా భూమంతా కొండవాలే, చోళ్ళూ సామలూ తప్ప ఏమీ పండవు. మా ఇంట్లో వరన్నం ఉడికేది ఆ ఒక్క మడి వల్లే. మా అయ్యా, గంగరాజు వాళ్ళ అయ్యా కలిసి ఎప్పుడో పాతిన గట్టురాయి వరదకు కొట్టుకుపోయింది. రాయి పనసచెట్టుకు అవతల ఉండేదని నేను, ఇవతల ఉండేదని అతను. అవతలుంటే మడి నాది, ఇవతలుంటే అతనిది. కాగితాలు మా కొండల్లో ఎవరికున్నాయి? రాయి పాతిన రోజున కోడిని కోసి, చూడవచ్చినవాళ్ళకు భోజనం పెడతారు. ఆ తిన్నవాళ్ళే సాక్షులు.

గంగరాజు తెచ్చే నలుగురు సాక్షులూ నాలుగు రకాలుగా చెబుతున్నారని నాకు ముందే తెలిసింది. అందుకే సంతలో గుండె మీద చెయ్యి వేసుకుని టీ తాగుతున్నాను. అక్కడ తగిలాడు మా బడి మాస్టారు వరహాలరావు. శ్రీకాకుళం వైపు మనిషి, ఏ దేవుడినీ నమ్మడు.

"ఏటి సోమన్నా, కొండబాబు పుస్తకం ఇంకా నమ్ముతున్నావేటి? యేసు కథ నలుగురు రాసారు, నాలుగు రకాలుగా రాసారు. సమాధి కాడ ఒక దూతంటాడొకడు, ఇద్దరంటాడింకొకడు. సాక్షులే తడబడితే కేసు నిలబడుద్దేటి?"

"మాస్టారూ, మీ బడిలో నలుగురు పిల్ల గుంటలు ఒక్క అక్షరం తేడా నేకుండా రాసి సూపిత్తే ఏటంతారు?"

"కాపీ కొట్టేరంతాను."

"మరి! తేడాలున్నాయంటే ఎవులి కళ్ళతో ఆళ్ళు సూసినట్టు. అందరూ సెప్పిన అసలు సంగతి ఒకటేనా కాదా, అది సూడాల."

టీ కొట్టు దగ్గర మా ఊరి జనం మూగారు. మా ఊరి పెద్ద భీమన్న నాయుడు చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం మానేసి వింటున్నాడు.

"సర్లే, ఎప్పుడో వందలేళ్ళకి రాసుకున్న కథ," అన్నాడు మాస్టారు.

"వందలేళ్ళేటి! పౌలని ఒక బోధకుడు, యేసు పోయిన పాతికేళ్ళలోపే ఉత్తరం రాసేడు. సచ్చి లేసిన యేసుని ఐదొందల మంది సూసారు, సానామంది ఇంకా బతికే ఉన్నారని రాసేడు. అంటే ఏటి? ఎల్లి ఆళ్ళనే అడుక్కోమని. అబద్దమాడీవోడు బతికున్నోళ్ళని సాచ్చికం పిలుత్తాడా?" ఊపు మీదున్నాను, అక్కడితో ఆగలేదు. "ఇంకోటి ఇనండి. ఖాళీ సమాధి ముందు సూసింది ఆడోళ్ళు. ఆ కాలంలో ఆడదాని సాచ్చికానికి ఇలవ నేదు. కథ అల్లీవోడైతే మగోణ్ణి ఎట్టడా?"

జనం ఈలలు వేశారు. భీమన్న నాయుడు నా భుజం తట్టి, "సోమన్నా, నీ బుర్రలో ఇంతుందని నాకు తెల్దురా," అన్నాడు. అందరికీ నేనే టీలు ఇప్పించాను. పంచాయితీలో నా వాదన కూడా వింటానని మాస్టారు మా వెంటే కొండెక్కాడు. నేనే రమ్మన్నాను.

పంచాయితీలో ముందు గంగరాజు సాక్షులు లేచారు. మొదటివాడు ఆ రోజు జోరు వాన అన్నాడు. రెండోవాడు తుప్పర అన్నాడు. మూడోవాడు ఒక కోడిని కోశారన్నాడు, నాలుగోవాడు రెండు కోళ్ళన్నాడు. రాయి మాత్రం పనసచెట్టుకు ఇవతలే అన్నారు. నేను పకపకా నవ్వాను.

"నాయుడు తాతా, ఇన్నావా? కోళ్ళ లెక్కే తేలనోళ్ళకి రాయెక్కడో తెలుత్తాదా?"

తరవాత నా సాక్షులు, మా తమ్ముళ్ళిద్దరూ లేచారు. తడబడకూడదని వారం రోజులు నేనే వాళ్ళకు నేర్పాను. "ఆనాడు పొద్దు బారెడెక్కిన యేళ, తూరుపు గాలి ఈత్తండగా, పనసచెట్టుకి అవతల పాతేరు," అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు కూడా తూరుపు గాలి దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, అదే మాట అన్నాడు. బాగా వచ్చిందని నేను తలూపాను.

భీమన్న నాయుడు చుట్ట పక్కన పెట్టాడు. "మాస్టారూ, ఒక్క ముక్క తేడా నేకుండా ఇద్దరు సెప్తే ఏటంతారు?"

"కాపీ కొట్టేరంతాను," అన్నాడు వరహాలరావు. ఆ మనిషి మొహం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

"అది దేవుడి సంగతి, ఇది మడి సంగతి!" అని అరిచాను. "ఎప్పుడో మా అయ్య కాలం మాట, ఇప్పుడెవులికి గుర్తుంటాది?"

"పాతికేళ్ళు కానేదు. సూసినోళ్ళు బతికే ఉన్నారు, అడుక్కో," అని గంగరాజు వెనక్కి తిరిగాడు. "యర్రమ్మత్తా, లే."

యర్రమ్మ మా అమ్మకు అక్క. మా ఇంట్లోనే తింటుంది.

"తాతా, ఆడదాని సాచ్చికం..." అన్నాను. జనం అప్పటికే నవ్వుతున్నారు.

పెద్దమ్మ లేచి నా వైపే చూస్తూ చెప్పింది. "నానేటి సేత్తానురా నాయినా. కోడి కోసింది నానే. ఒకటి కోసేము, సాలక ఇంకోటి కోసేము. వాన ముందు జోరుగా ఉంది, మరి తగ్గింది. రాయి మోసింది మీ అయ్యే. పనసచెట్టు ఇవతల దింపుతూ కాలి మీద ఏసుకున్నాడు. నెల్లాళ్ళు కుంటేడు. కసింత కుంటు సచ్చీదాకా ఉండిపోనేదా?"

ఉండిపోయింది. మా అయ్య గట్టు మీద ఒక పక్కకు ఒరిగి నడిచి రావడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ కుంటు ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు.

తీర్పు అయిపోయింది. మాస్టారు ఆ పూటే కొండబాబు ఇంటికి వెళ్ళి ఆ పుస్తకం చదవడానికి అడిగి పట్టుకెళ్ళాడు. రెండేళ్ళకు ఆ గుడిలోనే పాటలు పాడాడు. కొండబాబు చింతూరు వైపు వెళ్ళిపోతూ, నా మూలంగా ఒక ఆత్మ దక్కిందని నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా కారణం వేరు.

గంగరాజు ఏటేటా కొత్త పంట తినే కొత్తల పండగకు ఆ మడి బియ్యం ఒక బుట్టెడు తెచ్చి మా గడపలో పెట్టేవాడు. "తిను బావా, మన అయ్యలిద్దరూ సేసిన మడే," అనేవాడు. మొహం తిప్పుకుని తీసుకునేవాణ్ణి. అంత కమ్మటి అన్నం మళ్ళీ తినలేదు. అతను పోయాక ఆ బుట్ట రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఆ గెడ్డ వారన వెళ్తుంటే "ఏటి బావా" అని పిలిచేవాడు లేడు.

పోయింది నలభై మూడు సెంట్లు, పనసచెట్టు అదనం.