మోచేతి వ్యూహం

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, విశ్వాన్ని రక్షించే పూర్తి బాధ్యతను విశాఖపట్నం హార్బరు పక్కనున్న మా షిప్పింగ్ ఏజెన్సీ స్వీకరిస్తుంది! ఆ సమయంలో ఓడ వస్తే ఆగాలి. సరుకు దిగితే ఎండలో పడుండాలి. పార్టీలు ఫోన్ చేస్తే "సారు యుద్ధంలో ఉన్నారండి" అని చెప్పాలి.

సారంటే మా మేనేజరు మోహనకృష్ణ గారు. యుద్ధమంటే మీటింగు హాల్లో టేబులు మీద జరిగేది. థర్మోకోలుతో చేసిన ఒక పరాయి గ్రహం, దాని మీద రెండు వైపులా బొటనవేలంత బొమ్మల సైన్యాలు. వంతులవారీగా బొమ్మల్ని జరుపుతాం, పాచికలు వేస్తాం, పెద్ద అంకె పడితే ఎదుటివాడి బొమ్మ చచ్చినట్టు లెక్క. పిల్లలాట అనుకునేరు! ఆ మాట మా ఆఫీసులో నిషిద్ధం. నోటీసు బోర్డులో దీని పేరు 'వ్యూహాత్మక నాయకత్వ సామర్థ్య వికాస కార్యక్రమం'. హైదరాబాదు హెడ్డాఫీసులో పెద్దలు ఈ ఆట ఆడతారని సారు చెవిన ఎవరో వేశారు. వారం తిరక్కుండా మాకిక్కడ వికాసం మొదలైపోయింది.

మొన్న దసరాకు లారీలతో పాటు ఈ సైన్యాలకు కూడా ఆయుధపూజ చేశాం. అంతరిక్ష ట్యాంకు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిద్దామంటే, నిమ్మకాయే ట్యాంకు కంటే పెద్దది. చివరికి నిమ్మకాయ మీద ట్యాంకును కూర్చోబెట్టి హారతిచ్చాం. సారు సేనాపతి నుదుట పెట్టిన కుంకుమ ఇంకా అలాగే ఉంది.

సారుది ఎప్పుడూ నీలం అంగీల కవచ వీరుల సైన్యమే. మిగతా సైన్యాలు మావి. సారు ఓడిపోవడం ఇంతవరకూ జరగలేదు. అందుకు కారకుల్లో నేనొకణ్ణని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

నా పేరు సన్యాసిరాజు. ఉండేది కంచరపాలెం, ఉద్యోగం దిగుమతుల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. ఆ గ్రహం మీద నేను ఓడించని సైన్యం లేదు, అంటే, నా చేతుల్లో ఉన్న సైన్యాన్నన్నమాట! పురుగుల దండు ఉంది చూశారూ, దాని బలమంతా గుంపులోనే. అన్నీ ఒక్కసారి మీద పడితే ఎవడూ ఆపలేడు. నేను వాటిని రేషన్ షాపు క్యూలా ఒకదాని వెనక ఒకటి పంపుతాను. ఇనప మనుషులు దూరం నుంచి కాల్చడంలో దిట్టలు. వాళ్లను తీసుకెళ్లి శత్రువు ఒళ్లో కూర్చోబెడతాను. పచ్చ రాక్షసులు దగ్గరకెళ్లి బాదితేనే పని. వాళ్లను కొండ వెనక దాచి చల్లగా నిద్రపుచ్చుతాను. ఇంత చేసినా ఖర్మకాలి ఆరు పడిందనుకోండి, టేబులు మీంచి జారిన పాచిక చెల్లదని నియమముంది. దేవుడు మనిషికి మోచెయ్యి ఊరికే ఇవ్వలేదండీ!

ఇంత కష్టం ఎందుకంటే, మా సెక్షన్ ఇన్‌చార్జి కుర్చీ ఖాళీగా ఉంది. వరసలో ఉన్నది నేనూ, నా సహోద్యోగి సింహాద్రీ. కుర్చీ ఎక్కినవాడికి ఏసీ గది. ఎక్కలేనివాడికి బొగ్గు యార్డులో డ్యూటీ. నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఇంట్లో దుప్పటి దులిపితేనే రెండు రోజులు పడుకోలేను. ఆ యార్డు తలుచుకుంటేనే నాకు భయమేసేది.

సింహాద్రి సామాన్యుడు కాడు. తన బొమ్మ చావగానే "అయ్యబాబోయ్! సారు దెబ్బ!" అంటూ కుర్చీతో సహా వెనక్కి పడతాడు. నాకేమో నడుంనొప్పి, అంత స్థాయి ఓటమి నా వల్ల కాదు.

"ఓడిపోడానికి కూడా పోటీయేటి?" అంది మా ఆవిడ రాణి ఒకరోజు క్యారేజీ కడుతూ. "ఒక్కసారైనా గెలిసి రా, సూత్తాను."

"గెలిస్తే యార్డేనే!"

"ఊపిరి కోసం నటిత్తన్నావు సరే. నటించీ నటించీ అసలు మనిషి ఏడకెల్లిపోయాడో!" అని క్యారేజీ మూత గట్టిగా బిగించింది.

ఇలా ఉండగా కబురొచ్చింది. హెడ్డాఫీసు నుంచి జనరల్ మేనేజరు నీలిమ మేడమ్ తనిఖీకి వస్తున్నారు. ఆవిడకీ ఆట ప్రాణమట. ఓటమి ఎరగని మోహనకృష్ణ గారితో ఆడాలని ముచ్చటపడుతున్నారట!

సారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు.

"బావా," అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన నోటి వెంట నేను 'మిస్టర్ రాజు' తప్ప మరో మాట వినలేదు. కుర్చీ పట్టుకున్నాను.

"సార్?"

"ఓడిపోడం ఎలాగో కాస్త సెప్పు బావా."

"మీరు ఓడిపోవడమేంటి సార్! మీ వ్యూహం ముందు..."

"ఆపెహె! నీ మోచెయ్యి నాను సూడట్లేదనుకున్నావేటి? ఆరు పడినప్పుడల్లా దులుపుతావు. ఆ సింహాద్రిగాడు కుర్చీలిరగ్గొడతన్నాడు. నాకు తెలీదేటి?"

మోచేతిని వెనక్కి దాచుకున్నాను. "తెలిసి కూడా మరి..."

"తెలిసినా బాగానే ఉంటాది బావా!" అన్నారు కాస్త సిగ్గుపడుతూ. "నానూ పైవోళ్లకి ఓడిపోయే ఈ గదిలోకి వచ్చాను. అప్పుడది కేరమ్స్. ఈ ఆటలో ఓడిపోయే సాన్సు మీరేనాడైనా ఇచ్చారేటి? మరిసిపోయాను. మేడమ్ గెలవాలి. కట్టపడి గెలిసినట్టుండాలి. నేర్పు."

నేర్పాను. నీలం వీరుల్ని విడివిడిగా ఎలా పంపాలో, సేనాపతిని ఎప్పుడు దారిలో వదిలేయాలో పూసగుచ్చినట్టు చెప్పాను. మోచేతి దగ్గరే ఇబ్బంది వచ్చింది. అలవాటు లేని చెయ్యి కదా, ఆయన విసురుకు పాచిక కిటికీలోంచి పోయి కింద మజ్జిగ అమ్మేవాడి కుండలో పడింది.

మేడమ్ వచ్చారు. ఫైళ్లు పక్కకు నెట్టి, తనే స్వయంగా రంగులేసుకున్న పురుగుల దండును పెట్టెలోంచి తీసి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు గ్రహం మీద పేర్చారు. "ఎన్నాళ్లకండీ ఒక అసలైన ప్రత్యర్థి!" అన్నారు సంబరంగా.

సారు వీరులు విడివిడిగా బయల్దేరారు. విడివిడిగా పోయారు. మేడమ్ ముఖంలో సంబరం తగ్గుతూ వచ్చింది. ఇంతలో సారుకు ఆరు పడింది. మోచెయ్యి లేచింది. పాచిక దొర్లుకుంటూ పోయి మేడమ్ చెప్పు దగ్గర ఆగింది.

ఆవిడ వంగి తీశారు. "మోహనకృష్ణ గారూ, ఈ మోచేతి పనిలో నాకున్న అనుభవం మీకు లేదు. పైవాళ్లకు ఓడీ ఓడీ ఇక్కడ కాయ కాసింది, చూడండి!" నిజంగానే చూపించారు! "ఇప్పుడు పైనెవరూ లేరు. కిందవాళ్లు గెలవరు. ఆడి గెలిచానో, నా కుర్చీని చూసి గెలిపించారో తెలియక పిచ్చెక్కుతోందండీ నాకు!"

హాల్లో సేనాపతి ఒక్కడే కుంకుమబొట్టుతో నిబ్బరంగా ఉన్నాడు.

"మీ ఇన్‌చార్జి కుర్చీ ఖాళీ అట కదా? సరుకు చెడితే చెడిందని నా ముఖం మీద చెప్పే మనిషి కావాలి. నాతో నిజంగా ఆడేవాడికి ఆ కుర్చీ ఇస్తాను. ఎవరొస్తారు?"

సింహాద్రి ఫ్యాను వైపు చూశాడు. ఇంకొకరు సెల్లు వైపు చూశారు. నేను ధైర్యంగా ముందుకొచ్చానని రాసుకోవాలని ఉంది కానీ, జరిగింది వేరు. నాకు దగ్గొచ్చింది!

"మీరా? రండి," అన్నారు మేడమ్.

ఇనప మనుషులు నా వంతుకొచ్చారు. ఒక్కటే ఆలోచించాను. ఇన్నాళ్లూ చేసిందాన్ని తిరగేసి చేస్తే సరి! ఏ సైన్యం ఎక్కడ చస్తుందో నాకంటే తెలిసినవాడు ఈ జిల్లాలో లేడు. ఇనప మనుషుల్ని దూరంగా కొండల మీద నిలబెట్టాను. పురుగులు ఒక్కుమ్మడిగా వచ్చాయి. అమ్మో, గుంపుగా వస్తే ఎంత భయంగా ఉంటాయో ఆ రోజే చూశాను! కాల్చాను. మళ్లీ కాల్చాను. చివరికి పురుగుల రాణి నా సేనాపతి ముందుకొచ్చి నిలబడింది. నాకు ఆరు పడాలి. పాచిక వేశాను.

ఆరు! సరిగ్గా టేబులు అంచున ఆగింది.

నా మోచెయ్యి దానంతటదే లేచింది. ఎదురుగా సారు కళ్లతోనే "తొయ్యి బావా" అని బతిమాలుతున్నారు. మా ఆవిడ మాట గుర్తొచ్చింది. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, రెండింటినీ ఒళ్లోకి లాక్కుని, వాటి మీద వంగి కూర్చుండిపోయాను.

"ఓడిపోయాను!" మేడమ్ లేచి చప్పట్లు కొట్టారు. "అబ్బ, నిజంగా ఓడిపోయాను!" అని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు.

కుర్చీ నాకొచ్చింది. ఎంత ఆనందమో చెప్పలేను. మర్నాడే ఏసీ గదిలో సిబ్బందిని సమావేశపరిచి ప్రకటించాను. "ఇకపై ఈ సెక్షన్లో ముఖస్తుతికి తావులేదు. నాతో ఆడేవాడు గెలవడానికే ఆడాలి. ఇక యార్డుకు ఎవర్ని పంపాలనేది శుక్రవారం ఆట తర్వాత నిర్ణయిస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. సింహాద్రి అందరికంటే చివర ఆపాడు.

శుక్రవారం అతనితోనే ఆడాను. అతనివి పురుగులు. హోరాహోరీ యుద్ధమండీ! పురుగులు ఒకదాని వెనక ఒకటి ఎంత క్రమశిక్షణతో వచ్చాయో! ఒకసారి అతనికి ఆరు పడింది గానీ, పాపం, చెయ్యి తగిలి పాచిక జారింది. చివర్లో "అయ్యబాబోయ్! సారు దెబ్బ!" అని కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నేనే లేపి ఒళ్లు దులిపాను.

సాయంత్రం రాణికి నా వ్యూహమంతా విడమర్చి చెప్పాను.

"సింహాద్రన్న మోచెయ్యికేటీ దెబ్బ తగల్లేదు కదా?" అంది.

ఆడవాళ్లకు యుద్ధవిద్య ఏం తెలుస్తుంది లెండి! ఆట తెలిసినవాణ్ణి కాబట్టి నా నిర్ణయం నేను తీసుకున్నాను. సింహాద్రిని యార్డుకు పంపడం లేదు. అంత నిజాయితీగా ఆడేవాణ్ణి ఆ దుమ్ములోకి తోసేయడానికి మనసొప్పలేదండీ!