ఒకటో స్థానానికి మూడు ఇంజెక్షన్లు

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బావ దవడపన్ను బాగుచెయ్యాలి. పదకొండింటికి ఇద్దరూ ఒకే స్కూటరు మీద లైబ్రరీ హాలుకు వెళ్ళి, సభలో తనివితీరా పోట్లాడుకోవాలి. ఆ తరవాత ఇంటికొచ్చి కలిసి భోంచెయ్యాలి. ఈ మూడింటిలో ఆఖరిది డాక్టరు భార్య చేర్చింది. బావంటే ఆవిడకు స్వయానా అన్నయ్య. ఆయన చెల్లెలి గడప తొక్కి నెలలు గడిచిపోయాయి.

తగాదా ఆస్తి గురించి కాదు, ప్రోగ్రెసివ్ రాక్ గురించి. రికార్డులో ఒక వైపంతా ఒక్క పాటే పరుచుకుని, వేణువుతో మొదలై, దారిలో నాలుగుసార్లు తాళం మార్చుకుని, ఉరుముల మధ్య తేలే ఆ సంగీతమంటే బావాబావమరుదులిద్దరికీ ప్రాణం. ఊళ్ళో ఆ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఒక సంఘం, ఆ సంఘానికి లైబ్రేరియన్ అధ్యక్షుడు. ఏటా ఒకసారి కూడి, ప్రపంచంలోకెల్లా గొప్ప ఆల్బమ్‌లకు ర్యాంకులు ఇచ్చుకుంటారు. ఒకటో ర్యాంకు అట్ట మీద తిమింగలం బొమ్మ ఉన్నదానిదని డాక్టరు పక్షం. కాదు, మెట్ల బొమ్మ ఉన్నదానిదని బావ పక్షం. సభ్యులు ఎప్పుడూ సరిగ్గా సగానికి సగం చీలిపోతారు గనక ఆ సంఘం ర్యాంకులు రెండో స్థానం నుంచి మొదలవుతాయి.

కిందటిసారి సభలో డాక్టరు నోరు జారాడు. "బావా, నీకున్నవి చెవులా, కళ్ళజోడు తగిలించుకునే కొక్కేలా?" అన్నాడు. బావ కాలేజీలో లెక్కల లెక్చరరు. మాట పడి ఊరుకునే మనిషి కాదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, చెల్లెలితో కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. డాక్టరుకు ఆ క్షణం నుంచీ మనసు మనసులో లేదు. తిమింగలం గురించి ఏం చెప్పినా, కొట్టిపారెయ్యడానికైనా సరే, అర్థం చేసుకునే మనిషి ఆయనకు బావ ఒక్కడే. అభిమానం అడ్డొచ్చి ఆ ముక్క చెప్పలేకపోయాడు. చివరికి ఇద్దరినీ కలిపింది పంటిపోటు.

ఇంటి ముందుగదే క్లినిక్కు. కుర్చీకి కుడిపక్కన చేతికి అందేంత దూరంలో రికార్డు ప్లేయరు ఉంటుంది. బావ వచ్చి, పలకరింపు లేకుండా కుర్చీలో వాలి, నోరు తెరిచాడు.

"నొప్పనిపిస్తే చెయ్యెత్తు బావా. వెంటనే ఆపేస్తాను."

"నువ్వు మాట్లాడకుండా పనిచేసుకుంటే ఏ నొప్పీ ఉండదు," అన్నాడు బావ, పైకప్పు చూస్తూ.

అన్ని నెలల తరవాత బావ తనతో అన్న మొదటి మాట అది. డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఎడమవైపు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నోట్లో దూది కుక్కి, ఉమ్మి లాగే గొట్టం తగిలించి, తిమింగలం రికార్డు పెట్టాడు. పళ్ళ డాక్టరు ఉద్యోగంలో ఒక సుఖం ఉంది. ఎదుటివాడు ఎదురు చెప్పలేడు. ఇన్నేళ్ళుగా ఏ సభలోనూ పూర్తి కానివ్వని వాదనంతా ఇవాళ ప్రశాంతంగా వినిపించవచ్చని ఆయనకు డ్రిల్లు ఆన్ చేశాకే తట్టింది.

"ఆ ఆర్గాన్ విన్నావా? సముద్రం నిద్రలేస్తున్నట్టు లేదూ! మీ మెట్లవాళ్ళ దగ్గర ఇంత గాలీ వెలుతురూ ఎక్కడున్నాయి బావా? అంతా ఎక్కాల పుస్తకం!"

బావ చెయ్యెత్తాడు.

సంఘంలో లైబ్రేరియన్ పెట్టిన నియమం ఒకటుంది. ఒకరి మాటకు ఒకరు అడ్డు తగలకూడదు, అభ్యంతరముంటే చెయ్యెత్తాలి. బావ నియమం తప్పే మనిషి కాదు. డాక్టరుకూ ఒక నియమం ఉంది, ఆయనా తప్పే మనిషి కాదు.

"అయ్యో, ఇంకా నొప్పుందా? ఉండు," అని ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు.

మళ్ళీ పని మొదలైంది, దాంతోపాటు ప్రసంగమూ. "పైగా మీ డ్రమ్ముల మోత! పాట ఎక్కుతోందో దిగుతోందో కొట్టేవాడికైనా తెలుసా అని నా అనుమానం."

ఈసారి బావ రెండు చేతులూ ఎత్తాడు. అంతటితో ఆగక, కళ్ళు పెద్దవి చేసి, కుడిపక్కనున్న రికార్డు ప్లేయరు వైపు వేలు పదే పదే పొడిచి చూపించాడు. ముందు ఇది ఆపు, తరవాత మాట్లాడదాం అని ఆయన భావం.

"కుడివైపు కూడానా!" డాక్టరు కంగారుపడ్డాడు. అద్దం పెట్టి చూస్తే కుడివైపు ఏమీ కనబడలేదు. అయినా బావ ఉత్తినే అనే మనిషి కాదు. కుడి దవడకూ ఇంజెక్షన్ పడింది.

ఆ తరవాత బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు. పాట మధ్యలో వాద్యాలన్నీ ఒక్కొక్కటే తప్పుకుని, చివరికి ఒక్క గొంతు మిగిలే చోటు వచ్చింది. బావ కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసన నీటిబొట్టు కదిలింది. డాక్టరు సిరంజి కోసం చూశాడు గానీ, చెయ్యెత్తలేదు గదా అని పని కానిచ్చాడు.

చిక్కంతా నోరు పుక్కిలించే దగ్గర బయటపడింది. బావ తాగిన నీళ్ళు తాగినట్టే చొక్కా మీదికి వచ్చేశాయి. "ఒ... ఆ... హ్హా?" అన్నాడు. అద్దంలో చూసుకున్నాడు. పెదవులు ఎవరివో అయినట్టు వేలాడుతున్నాయి, నాలుక అసలు ఉందో లేదో తెలియడం లేదు. ఎన్ని ఇచ్చావన్నట్టు వేళ్ళు ఆడించాడు.

"మూడే బావా. సాయంత్రానికల్లా దిగిపోతుంది."

బావ గోడగడియారం చూశాడు. సభకు అరగంట ఉంది. ఈ ఏడు ముందుగా మాట్లాడాల్సింది ఆయనే. డాక్టరు ముఖంలోకి ఒక్కసారి చూసి, మెడ చుట్టూ కట్టిన తువ్వాలు విప్పి కుర్చీ మీద పడేసి, బయటికి నడిచాడు. ఆ చూపుకు అర్థం చెప్పక్కర్లేదు. కావాలనే చేశావు అని.

లోపల్నుంచి భార్య పరిగెత్తుకొచ్చింది. "ఏం చేశారండీ మా అన్నయ్యని?"

"పన్ను బాగుచేశాను."

"పన్ను బాగుచేసి నోరు తీసేశారు! ఇవాళ ఇలా అలిగి వెళ్ళాడంటే ఇంక ఈ జన్మలో ఈ గుమ్మం ఎక్కడు. మీ తిమింగలం ఏ గంగలో దూకినా నాకక్కర్లేదు. మా అన్నయ్యని వెంటబెట్టుకుని రండి, లేదా మీరూ రాకండి."

డాక్టరు స్కూటరు తీశాడు. బావ పేవ్‌మెంటు మీద నడుస్తుంటే, పక్కనే నడక వేగంతో స్కూటరు నడుపుతూ హాలు దాకా బతిమాలుకుంటూ వచ్చాడు. బావ తల తిప్పలేదు.

గుమ్మంలో లైబ్రేరియన్ ఎదురొచ్చాడు. చొక్కా తడిసి, పెదవి వేలాడి, "ఆహ్హా, ఊహ్హూ" అంటూ వెనక్కి చెయ్యి చూపిస్తున్న లెక్చరరుగారిని చూడగానే ఆయన కేకపెట్టాడు.

"అమ్మో, పక్షవాతం! పట్టుకోండి, పట్టుకోండి!"

నలుగురు కలిసి బావను ఎత్తి పత్రికలు చదివే బల్ల మీద పడుకోబెట్టారు. బావ లేవబోతే, "కదలకూడదు సార్" అని నలుగురూ నాలుగు మూలలా అదిమిపట్టారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది వచ్చేసింది కూడా.

"పక్షవాతం కాదండీ!" డాక్టరు అరిచాడు. "నేనే మూడు మత్తు ఇంజెక్షన్లు ఇచ్చాను!"

బావను పట్టుకున్న నలుగురూ వదిలేశారు.

"సభ రోజునా?" అన్నాడొకాయన.

"మొదట మాట్లాడాల్సిన మనిషికా?" అన్నాడింకొకాయన.

"గెలవడానికి మరీ ఇంత పనా డాక్టరుగారూ!" లైబ్రేరియన్ గొంతులో నిజంగా బాధ ఉంది. "మంగళవారం నా పన్ను తీయించుకోవడానికి వస్తానన్నాను. రానండీ."

అంబులెన్సులో వచ్చినతను అందరినీ పరికించి, అక్కడ చెమటలు కారుతున్నది డాక్టరు ఒక్కడికే గనక ఆయన బీపీ చూసి, కాసేపు కూర్చోమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎవరేమనుకున్నా డాక్టరుకు పట్టలేదు. ఆయన చూస్తున్నది బావ వైపే. బల్ల దిగి చొక్కా సర్దుకుంటున్న ఆ మనిషి కూడా ఈ మాటే నమ్ముతున్నాడు. అది మాత్రం భరించలేకపోయాడు.

"బావ తరఫున నేను మాట్లాడతాను," అన్నాడు లేచి నిలబడి.

"మీరా? మెట్లకా?"

బావ చెయ్యెత్తాడు. డాక్టరు ఈసారి తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. లైబ్రేరియన్ కాసేపు ఆలోచించి, అభ్యంతరాన్ని తోసిపుచ్చాడు.

ఇక్కడ డాక్టరుకు ఒక చిక్కుంది, అది ఆయన ఒక్కడికే తెలుసు. మెట్ల రికార్డు రెండోవైపు ఆయన ఏనాడూ పూర్తిగా వినలేదు. మొదటివైపు అవగానే టీ అంటూ లేచిపోయేవాడు. ఇంతకాలం దాన్ని రెండో ర్యాంకుకు తోసింది ఆ సగం వినికిడితోనే. బావ నేరుగా హాల్లో ఉన్న ప్లేయరు దగ్గరికి వెళ్ళి రికార్డు తిప్పి, రెండోవైపు మీదే ముల్లు పెట్టాడు.

"ఈ పాటలో," డాక్టరు గొంతు సవరించుకున్నాడు, "మెట్లుంటాయి."

వెనక వరసలో ఎవరో నవ్వారు. డాక్టరుకు తరవాతి మాట దొరకలేదు. దొరక్క, విన్నాడు. చిన్న వరసొకటి మొదలైంది, పిల్లలు ఈల వేసేంత తేలికైనది. ప్రతిసారీ ఒక్కో మెట్టు పైనుంచి తిరిగొస్తోంది. కింద డ్రమ్ములు ఏడు దెబ్బల లెక్కలో తిరుగుతుంటే, గిటారు ఎనిమిది లెక్కలో తిరుగుతోంది. ఒకదానికొకటి దూరమైపోతున్నాయి, ఇంక ఈ పాట కుప్పకూలడం ఖాయం అనిపిస్తోంది. బావ ఎదురుగా కూర్చుని, డాక్టరు కళ్ళలోకి చూస్తూ వేళ్ళ మీద లెక్క పెడుతున్నాడు. ఆగు, ఆగు అన్నట్టు అరచెయ్యి చూపించి, ఒక్కసారిగా వేలెత్తాడు. సరిగ్గా ఆ దెబ్బ మీద డ్రమ్ములూ గిటారూ వచ్చి కలుసుకున్నాయి.

"కలిశాయి!" డాక్టరు అరిచాడు. "చూశారా, కలిశాయి! వాటికి ముందునుంచీ తెలుసండీ. ఎంత దూరం పోయినా ఎక్కడ కలవాలో లెక్క వేసుకునే బయల్దేరాయి. నేను దీన్ని ఎక్కాల పుస్తకం అన్నాను. ఎక్కాలే! ఎంత గొప్ప ఎక్కాలు! నాకు చేతకాక..." అంటూ జేబురుమాలు వెతుక్కుని, దొరక్క, దూది ముక్కతో కళ్ళు తుడుచుకున్నాడు.

మెట్ల పక్షం లేచి చప్పట్లు కొట్టింది. వాళ్ళ రికార్డును అంత బాగా ఎవరూ, బావ కూడా, ఎప్పుడూ పొగడలేదు. లైబ్రేరియన్ కళ్ళజోడు తుడుచుకుని ఓటింగు పెట్టాడు. "తిమింగలానికి ఎవరెవరు?"

అందరికంటే ముందు లేచిన చెయ్యి బావది.

"మళ్ళీ నొప్పా బావా!" డాక్టరు ఒక్క గెంతులో దగ్గరికి చేరాడు.

బావ కాదని తల ఊపాడు. గోడ మీద తగిలించిన తిమింగలం అట్టను చూపించి, చెవి ముట్టుకుని, గుండె మీద చెయ్యేసుకున్నాడు. అప్పటికి గానీ డాక్టరుకు తెలియలేదు. ఆ రికార్డు మోగినన్నిసార్లూ బావ దానిమీద మాట్లాడుతూనే ఉన్నాడు. నోరు మెదపకుండా మొదటినుంచి చివరిదాకా విన్నది ఇవాళ ఆ కుర్చీలోనే. మూడు ఇంజెక్షన్లూ బావ వంటికి కాదు, చెవులకు పట్టాయి.

తరవాత మెట్లకు ఓటు అడిగినప్పుడు డాక్టరు చెయ్యెత్తాడు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, నాయకులిద్దరే అటువాడు ఇటూ ఇటువాడు అటూ అయ్యారు. ఓట్లు మళ్ళీ సమానం. ఒకటో స్థానం ఈ ఏడూ ఖాళీయే అని లైబ్రేరియన్ ప్రకటించి, మంగళవారం తప్పకుండా వస్తానని డాక్టరు చెవిలో చెప్పాడు. బావ బయటికొచ్చి స్కూటరు వెనక సీటు మీద కూర్చున్నాడు. డాక్టరుకు అంతకంటే ఏ ర్యాంకూ అక్కర్లేకపోయింది. దారంతా ఆ ఏడు దెబ్బల తాళం హారను మీద కొట్టుకుంటూ వచ్చాడు.

మత్తు దిగేదాకా నమలకూడదు గనక భోజనం సాయంత్రానికి వాయిదా పడింది. వడ్డించినవి మూతలు పెట్టి, భార్య కూడా వాళ్ళ మధ్య వచ్చి కూర్చుంది. రెండు రికార్డులూ మార్చి మార్చి పెట్టుకున్నారు. డాక్టరు మెట్లను ఆకాశానికెత్తాడు. బావ తల అడ్డంగా ఊపుతూ, తిమింగలం కోసం అచ్చులతోనే వాదించాడు.

"ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నారుగా, ఇంకా ఈ గొడవేమిటి?" అని విసుక్కుంది ఆవిడ, అన్నయ్య పక్కనుంచి మాత్రం లేవకుండా.

పొద్దువాలేవేళకు బావ పెదవులు ఒకసారి కలిపి చూసుకున్నాడు. నాలుక తిప్పి చూసుకున్నాడు. గొంతు సవరించుకుని, స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అన్నాడు: "బావా, అసలు నీ తిమింగలం నీకే ఎప్పుడూ అర్థం కాలేదు."

మత్తు పూర్తిగా దిగిపోయిందని డాక్టరు నిర్ధారించాడు.