హన్నమ్మగారు ‘అండీ’ని విడిచిన వైనం

వినుడు, పోపుధూమధూసరితలగు గృహిణీమణులారా! రెండువేల ఎనిమిదవ సంవత్సరమున, గ్రీష్మప్రతాపమున, కొల్లేటి గాలి వీచు ఏలూరు పురవరమున, ఒక శనివారము పదకొండుముప్పావు గంటలకు, కుక్కరు రెండవ కూత కూయకమునుపే హన్నమ్మగారి గ్యాసు పొయ్యి తుస్సుమని అస్తమించెను.

హన్నమ్మగారన సామాన్యురాలా! ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన పంతులమ్మ, మృదుభాషిణీశిరోమణి, వాకిట పడుకొన్న కుక్కను సైతము “కాస్త జరుగుతారా అండీ” అని వేడుకొను మర్యాదాధురంధర. మరునాడు ఆరాధన కాగానే పాస్టరుగారి దంపతులు భోజనమునకు వేంచేయుదురు. గంగాళములో కొరమేనులు ఈదులాడుచున్నవి. పన్నెండులోగా ఫోనులో బుక్ చేసిన సాయంత్రమునకే సిలిండరు, దాటెనా, సోమవారమే! అతిథులకు పచ్చిచేప వడ్డించుటయా? హతవిధీ!

గ్యాసు ఆఫీసువారు కొత్తగా నెలకొల్పిన మాటలు వినెడి యంత్రము కోకిలకంఠమున పలికెను: “సిలిండర్ బుక్ చేయాలా? అవును లేదా కాదు అని చెప్పండి.”

“అవునండీ.”

“క్షమించండి, అర్థం కాలేదు.”

“అయ్యో, పర్లేదండీ. అవునవునండీ!”

“క్షమించండి, అర్థం కాలేదు.” లైను తెగెను. మరల చేసిన, మరల తెగెను.

పడకకుర్చీనుండి భర్త ఏసుబాబుగారు పేపరు దించిరి. “అది మిషనే. దానికి అండీలు తెలీవు. ఉత్త ‘అవును’ అను.”

వీరపత్ని గర్జించెను: “నా నాలిక తెగిపడినా సరే, కొల్లేరు ఎండి బీడైపోయినా సరే, ముక్కూమొహం తెలీని ఆవిణ్ణి మొహాన కొట్టినట్టు ‘అవును’ అని నేననలేనండీ!”

గడియారమున పన్నెండుకు రెండు నిమిషములు.

“ప్రార్థనలో ‘అవును తండ్రీ’ అంటావా, ‘అవునండీ తండ్రిగారండీ’ అంటావా? దేవుణ్ణి నువ్వనొచ్చు గానీ గ్యాసుని అనకూడదా?”

నిజమే సుమా! హన్నమ్మగారు చెంగు తలపై కప్పి, కన్నులు మూసి, మూడవమారు ఫోను చేసిరి. యంత్రము ప్రశ్నించెను.

“అవును—”

తరుముకొని వచ్చుచున్న ‘అండీ’ని రెండు చేతులతో నోటిలోనే నొక్కిపట్టిరి. ఆహా, ఏమి నిగ్రహము!

“ధన్యవాదాలు. మీ సిలిండర్ బుక్ అయింది.”

“తప్పయిపోయిందండీ, తొందరలో అలా అనేశాను. మనసులో పెట్టుకోకండి.”

“క్షమించండి, అర్థం కాలేదు.”

హన్నమ్మగారి కన్నులు చెమర్చెను. “చూశారా! తప్పు నాదైతే ఆవిడే క్షమించమంటున్నారు. ఎంత మంచి పెంపకమండీ!”

ఇట్లు ఏకైక ‘అండీ’ని దిగమ్రింగి, ఏకైక సిలిండరును హన్నమ్మగారు జయించిరి. సాయంత్రము దానిని మోసుకొచ్చిన ముస్తాకుకు ఆ మిగిలిపోయిన ‘అండీ’ కూడ దక్కెను: “దించండండీ బాబూ, మజ్జిగ తాగండండీ, అండీ!”