సవరణ స్థిరకాలువ చేరిన వైనం

లిండెన్ పూలు రాలే జూన్ చివరివారాన, వంతెనల కొలువైన త్ర్యావ్న పురాన, గురువారం ప్రాతఃకాలాన, మా బడిలోని ధూసరవర్ణ ప్రింటర్‌రాజం కొత్త అప్‌డేట్ అనే విషబాణం తగిలి మూర్ఛిల్లింది. మర్నాటి మధ్యాహ్నంలోగా ఏడో తరగతి ఇరవై ఇద్దరి యోగ్యతాపత్రాలు బడిలోనే అచ్చుకాకుంటే హైస్కూలు దరఖాస్తుల గడువు దాటిపోతుంది.

అంతట కంప్యూటర్ టీచర్, కోడ్‌కోదండధారిణి రదోస్తినా, ఆ దోషాన్ని సంహరించే సవరణను రచించి ప్రోగ్రాముల మహాభాండాగారానికి పంపింది. అక్కడ సవరణలు పారే కాలువలు రెండు: పరీక్షించేవారికి ఒకటి, అందరి వాడుకకు స్థిరమైనది ఒకటి. అక్కడి ధర్మం కఠినం. ఏ సవరణైనా మొదట పరీక్షకాలువలోనే దిగాలి. రచించినవారు కాక, అదే ప్రింటరున్న మరొకరు దాన్ని వేసుకుని, అచ్చు తీసి, ‘పనిచేసింది’ అని టిక్కు పెడితేనే స్థిరకాలువలోకి సాగుతుంది. మా బడి కంప్యూటరా, పురపాలకాజ్ఞాబద్ధమై, స్థిరకాలువ నీరు తప్ప ముట్టదు. ఆ నీరు తాగేవారు వేలమంది. పరీక్షకాలువ ఒడ్డున మాత్రం నరమానవుడు లేడు.

అటువంటి ప్రింటరు ఊళ్లో మరొక్కటే ఉంది, గ్రంథాలయాధిపతి కుంచో దగ్గర; అదీ అదే బాణానికి మూర్ఛిల్లి ఉంది. ఆయన ఒకప్పుడు ఒక్క సవరణకు ఆశపడి కంప్యూటర్ మొత్తాన్నీ పరీక్షకాలువకు తిప్పి, మూడు వారాలు పుస్తకాల జాబితా తెరవలేక, పరితప్తహృదయుడై, ఇకపై ఏదీ ముందుగా ముట్టనని భీషణప్రతిజ్ఞ చేసిన మహావీరుడు.

రదోస్తినా వెళ్లి ప్రార్థించింది.

“నలుగురూ వాడి బాగుందన్నాకే నేను ముట్టేది, టీచరమ్మా.”

“ఆ నలుగురూ మీలాగే కూచున్నారు మాస్టారూ. కాలువ మార్చొద్దు, ఈ ఒక్కటే వేసుకోండి. చెడితే మీ జాబితా అంతా నేనే మళ్లీ ఎక్కిస్తా.”

“పన్నెండు వేల పుస్తకాలమ్మా.”

“ఎక్కిస్తాను.”

ఆ మాటకు కుంచో ప్రతిజ్ఞ సడలింది. అయినా సాయంకాలం వరకూ జాబితాకు నకలు తీసి, దాని మీద నమ్మకం చాలక ఆ నకలుకు మరో నకలు తీసి, శుక్రవారం పదిన్నరకు, స్వేదబిందువిరాజితలలాటుడై, మీట నొక్కాడు. ప్రింటరు దగ్గింది, మూలిగింది; చివరికి గ్రంథాలయ పనివేళల కాగితం ఒకటి అక్షతదేహంతో వెలువడింది. భూతద్దంతో రెండుసార్లు పరిశీలించి ఆయన టిక్కు పెట్టాడు. సవరణ స్థిరకాలువలో పడి మా బడికి చేరింది. పన్నెండుకు పది నిమిషాలుండగా ఇరవై రెండో పత్రం వెచ్చవెచ్చగా బయటికొచ్చింది.

విజయమహో, విజయం! ఒక్క టిక్కుతో వేల కంప్యూటర్లు తరించాయి. ఆ టిక్కు కింద స్థిరకాలువ ప్రజల్లో మొట్టమొదటివాడు రాసిన కృతజ్ఞతావాక్యం ‘ఇంత ఆలస్యమా?’

కుంచో అది చదివి మండిపడ్డాడు.

“వాడి చూడమన్నప్పుడు ఒక్కడూ రాలేదు. అడగడానికి మాత్రం తయారు.”